అక్కకు తీయించిన ఫోటో

ఎండిన బంతిపూల వాసన ఎక్కడ తగిలినా నాకు మా అక్క ఫోటో గుర్తుకొస్తుంది.

నిజాం రోజుల్లో మాట. అక్క జ్వరంతో పోయిన మరుసటి ఏడు, పట్నం నుంచి ఫోటోలు తీసే ఆయన మా ఊరు పానగల్ వచ్చాడు. అక్కకు ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మ నాకు అక్క లంగా తొడిగి, అక్కకు దువ్వినట్టే తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టింది.

"జరసేపు నువ్వే అక్కవు బిడ్డా. కదలకు."

ఆయన నల్లగుడ్డ కప్పుకుని పెట్టెలోకి చూస్తుంటే, అక్క అందులోనే ఉందనీ, నేను కదిలితే బయటికి రాదనీ అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను.

వారానికి ఫోటో వచ్చింది. అమ్మ దాన్ని గుండెకు అదుముకుంది.

"వచ్చినవా నా తల్లీ!"

"గా ఫోటోల ఉన్నది నేనే కదనే అమ్మా," అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు.

ఏటా అక్క పోయిన రోజున ఆ ఫోటోకు బంతిపూల దండ వేసేది. నా ముఖానికి నేనే దండం పెట్టుకునేదాన్ని. నాదని చెప్పుకునే చిన్ననాటి ఫోటో ఒక్కటీ లేదు. దానికి నాకు బాధ లేదు.

అక్క నవ్వితే ముందుపళ్ల సందు కనిపించేదని అవ్వ చెప్పేది. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ నవ్వు కోసం వెతికితే, ఊపిరి బిగబట్టి కూర్చున్న నేనే కనిపిస్తాను.