ఉలి, సుత్తె, రాయి ముక్క, ఆయా

పాఠం ఎట్ల తయారైతదో నాకెరుకే. జూబ్లీహిల్స్‌ల ఒక ప్రైవేటు బడిల మస్తు ఏండ్లు ఆయాగ చేసిన. పాఠమంటే పుస్తకంలకెల్లి ఊడిపడ్డదనుకుంటరు పిల్లలు. కాదు, దాన్ని ముందుగాల వండుతరు. సోషల్ టీచరమ్మ వండుడు నేను కండ్లార చూసిన. అండ్ల నన్ను గూడ ఏసి వండింది.

ఆమె కోస్తా దిక్కుకెల్లి వచ్చిన పిల్ల, పెండ్లి గాలె. చెడ్డది కాదు, అబద్ధమెందుకు చెప్పాలె. చరిత్ర క్లాసుల పిల్లలు ఆవలిస్తున్నరని మస్తు బాధపడుతుండె. "రాజుల గురించి ఎన్నాళ్లని చెప్పను ఆయమ్మా? పిల్లలు కూర్చున్న ఈ నేల గురించి చెప్తే వింటారేమో" అన్నది ఒకనాడు, నేను బల్లలు తుడుస్తుంటే. ఈ గుట్టల మీద ఇన్ని బంగ్లాలు ఎట్ల లేచినయి, ఎవరు లేపిండ్రు, అదీ పాఠం. తనిఖీకి పెద్దసారు వచ్చిననాడు చెప్పాలె.

"నేనే లేపిన" అన్న. నవ్వులాటకే అన్న.

ఆమె నా చేతిల బట్ట గుంజుకొని నన్ను పిల్లల బెంచీ మీద కూసోబెట్టింది.

అప్పటిదాక నన్నెవ్వరు అడగలె. అడిగేసరికి ఆగలె. పాలమూరు దిక్కుకెల్లి నేను, మా ఆయన రాళ్లు కొట్టుటానికి వచ్చినం. ఫిలింనగర్ గుట్ట కింద గుడిసె ఏసుకున్నం. ఒకనాడు బండకు మందు పెట్టిండ్రు. ఒక తూట పేలలె. చూసి రాపో అని గుత్తేదారు మా ఆయనను తోలిండు. ఆయన వంగి చూస్తుంటే పేలింది. బిడ్డ అప్పుడు నా రొమ్ము మీదుండె. "జెరమొచ్చి పోయిండని చెప్పు, గుడిసె ఉండనిస్త. లేదంటవా, రేపే పీకిస్త" అన్నడు గుత్తేదారు. కాయితం మీద బొటనేలు పెట్టిన. పసిపిల్ల నోరు ఆగదని బిడ్డకు గూడ జెరమనే చెప్పుకుంట పెంచిన. ఆఖరికి రోడ్డు ఏసుడుల ఆ గుడిసె గూడ పోయింది. యూసుఫ్‌గూడల కిరాయి అర్రల పడ్డం. గుడిసె పోయినంక ఆ అబద్ధం నాకెందుకు? గని పొయ్యి కాడ కూసోని, బిడ్డా, ఇన్నేండ్లు నీతోని అబద్ధమాడిన అని ఎట్ల మొదలుపెడ్తవు?

నా బిడ్డ ఆ బడిలనే, ఆ క్లాసులనే ఉండె. ఆయా బిడ్డని ఫీజు లేకుంట చేర్చుకున్నరు. టీచరమ్మ పక్కకు నేను నిలబడి, అందరి ముంగట చెప్తే బిడ్డ నమ్ముతది, తండ్రి ఎట్ల పోయిండో తలకాయ ఎత్తుకొని తెలుసుకుంటది అనుకున్న. నాకున్న ఆశ అదొక్కటే.

టీచరమ్మ ఏడ్సింది. ఏడ్సుకుంటనే నోటుబుక్కుల రాసుకున్నది, నాకు చదివి వినిపిచ్చింది. పాఠానికి ఏమేం కావాల్నో వరసగ రాసింది: ఉలి, సుత్తె, రాయి ముక్క, ఆయా.

"రాయి తర్వాతనా నేను?" అన్న.

"అయ్యో, ఊరికే అలా రాశాను ఆయమ్మా!"

ఆ బుక్కు బడి నడిపే పెద్ద మేడం చూసింది. మా ఆయన సావు మీద ఎర్రగ గీత కొట్టింది. "క్లాసులో సగం మంది ఆ బంగ్లాల పిల్లలే. వాళ్ల ఇళ్లల్లో ఏం సమాధానం చెప్తావ్?" అన్నదట. టీచరమ్మ దిగులు మొకంతోని వచ్చి నాకు నాలుగు ముక్కలు కొత్తగ రాసిచ్చింది. "మేమంతా సంతోషంగా పాటలు పాడుకుంటూ రాళ్లు కొట్టేవాళ్లం. ఇది బట్టీ పట్టు ఆయమ్మా."

"రాళ్లు కొడ్తుంటే నోట్లె దుమ్ము వడ్తది టీచరమ్మా, పాట యాడికెల్లి వస్తది?"

"ఈ ఒక్కసారికీ అనేయ్."

సరే అన్న. నిలబడ్డంక నా నోరు నాదే గద అనుకున్న.

ఆనాడు ఉతికిన చీరె కట్టుకొని, తలకాయకు నూనె పెట్టుకొని పోయిన. మా ఆయన ముచ్చట చెప్పబోతున్న, ఎట్లవడితె అట్ల పోతనా? టీచరమ్మ నన్ను చూసి నెత్తి పట్టుకున్నది. "ఇలా వస్తే ఎలా? కూలిమనిషిలా లేవు!" సినిమాలకు డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణానికి మనిషిని తోలింది. ఈడ బడులకు అది అలవాటే, ఫంక్షన్లకు రాజుల కిరీటాలు గూడ ఆడికెల్లే వస్తయి. చీరె వచ్చింది. రంగురంగుల మాసికలు, మిషన్ కుట్టు, కలరా ఉండల వాసన. నిజం కూలి చేసిననాడు చిరిగితె దారమేసి కుట్టుకుంటుంటి గని, గిన్ని రంగులు ఎవరు అతికిచ్చుకుంటరు? చెంపలకు కాటుక రుద్దింది. ఇగ కూలిదాన్నైన.

పెద్దసారు ఎనక కుర్చీల కూసున్నడు. పెద్ద మేడం తలుపు కాడ నిలబడ్డది. నేను నా బిడ్డ దిక్కే చూసుకుంట, బట్టీ పట్టింది ఇడిచిపెట్టి, నా మాటల్ల చెప్పిన. తూట చెప్పిన. గుత్తేదారు సంగతి చెప్పిన. జెరమన్నది అబద్ధమని చెప్పిన. మా ఆయనను గోనెపట్టల మూట కట్టి తెచ్చింది చెప్పిన. ఏడుపు ఆగలె.

టీచరమ్మ మొకం తెల్లగైంది. తలుపు దిక్కు చూసింది, పెద్దసారు దిక్కు చూసింది. రెండు చేతులు కొట్టింది.

"చూశారా పిల్లలూ, మన ఆయమ్మ ఎంత బాగా నటించిందో!"

ఇగ చప్పట్లే చప్పట్లు. సినిమాలు తీసేటాయన కొడుకు లేచి, "ఆయమ్మా, మా డాడీతో చెప్తాను, వేషం ఇస్తారు!" అన్నడు. పెద్దసారు గూడ నవ్వుకుంట తలకాయ ఊపిండు. మాసికల చీరెల ఆడది ఏడిస్తే అది యాక్టింగే ఆ పిల్లలకు, ఇండ్లల్ల టీవీల రోజు చూసేది అదే. నా బిడ్డ గూడ కొట్టింది. అందరికంటె జోరుగ కొట్టింది.

సాయంత్రం యూసుఫ్‌గూడకు దిగుకుంట, "అవ్వా, మస్తు చేసినవ్! నిజం ఏడుపు లెక్కనే ఉండె" అన్నది.

"నిజమే బిడ్డా. మీ నాయిన గట్లనే పోయిండు."

నిలబడ్డది. "నాయిన జెరమొచ్చి పోయిండు. నువ్వే చెప్పినవ్ గద, నూరుసార్లు."

"అది అబద్ధం."

"ఇది నాటకం. టీచరే చెప్పింది."

తెల్లారి పోయి టీచరమ్మనే అడిగింది. నేను వరండల బకెట్ పట్టుకొని నిలబడ్డ. టీచరమ్మ బిడ్డ నెత్తి మీదికెల్లి నన్ను చూసింది. పక్క అర్రల పెద్ద మేడం ఉన్నది.

"అది పాఠం కోసమమ్మా" అన్నది.

చదువుకున్నామె మాట అది. నాది బొటనేలు మాట, అది గూడ ఒకసారి అమ్ముకున్న మాట. కాదు, నిజమే అని గట్టిగ ఒర్రితే బిడ్డ సీటు పోతది. బట్ట పిండిన.

మరుసటేడు అదే పాఠానికి నన్ను పిలువలె. కృష్ణానగర్ల ఉండే జూనియర్ ఆర్టిస్టును పిలిచిండ్రు. ఆమె పాట గూడ పాడిందట. నా బిడ్డ కిటికీలకెల్లి చూసొచ్చి, నా మెడ చుట్టు చేతులేసి, "ఫికర్ చెయ్యకవ్వా, ఆమెకంటె నువ్వే మంచిగ చేసినవ్" అన్నది.