కళ్లంలో పరీక్ష పెట్టిన వదిన

వదిన పోయిందన్న కబురు నాకు గుంటూరు బ్రాడీపేటలో అందింది. డీటీపీ సెంటర్లో కూర్చుని కరపత్రం ప్రూఫు దిద్దుకుంటున్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేదురా" అని పెట్టేశాడు. ఏళ్ల తరబడి బస్సులో కేకలేసి టిక్కెట్లు కొట్టిన కండక్టరు మనిషికి ఆ పూట అంతకుమించి మాట రాలేదు. వదిన కిడ్నీల జబ్బుతో కొన్ని నెలలుగా మంచం పట్టి ఉంది. యాభై నిండలేదు.

వారం తిరక్కుండా దర్శిలో సంతాప సభ పెట్టారు. విద్యాశాఖ పెద్దలు వచ్చారు. శాంతమూర్తి అన్నారు. ఓర్పుకు మారుపేరు అన్నారు. ఉన్నత చదువులు చదివి మన శాఖకు వన్నె తెచ్చింది అన్నారు. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. పాఠకులకు నిజం చెప్పాలి. ఆవిడ శాంతమూర్తి కాదు, ఓర్పు ఆవిడ దరిదాపులకు రాలేదు. అయ్యా శాఖ పెద్దలూ, బతికినన్నాళ్లూ ఆవిడ కోపం మీకు గిట్టలేదు. చచ్చిపోయాక ఆ కోపాన్ని కూడా ఊడబెరుక్కుంటారా?

దేనికైనా "ఎవరు నిర్ణయించారు?" అని అడగడం ఆవిడకు అలవాటు. సాయంత్రం బస్సు రద్దయిందంటే అడిగేది. బడికి సున్నం వెయ్యకుండా గేటుకు మాత్రం రంగు వేస్తే అడిగేది. అన్నయ్య ఓసారి దొండకాయలు తెచ్చి ఇవాళ ఇదే కూర అంటే అదీ అడిగింది. బజారు నిర్ణయించింది, ఇంకేం దొరకలేదు అన్నాడు అన్నయ్య. పోన్లే, ఈ ఒక్కదానికైనా జవాబు చెప్పేవాడు ఉన్నాడు అంది.

ఆవిడ పాఠం చెప్పిన బడి దర్శికి అవతల, నీళ్లు లేని మెట్ట ఊళ్లో ఉంది. జనవరి వెళ్తూనే దళితవాడ సగం ఖాళీ అవుతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి వెళ్లిపోతాయి. పిల్లలు ఎవరి దగ్గరుంటారు? వాళ్లూ వెళ్తారు. తిరిగొచ్చేసరికి ఏడాది పరీక్షలు అయిపోయి ఉంటాయి. జూన్‌లో మళ్లీ అదే తరగతిలో, తమకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలి. కొందరు కూర్చుంటారు. చాలామంది సిగ్గుపడి మానుకుంటారు. రికార్డుల్లో వాళ్లు డ్రాపవుట్లు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనడానికి వీల్లేదు. "మానింది పిల్లలా, బడా?" అని మీదికొచ్చేది వదిన.

ఆవిడ అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. కోతలకెళ్లిన ఊళ్లో ఉన్న బడిలోనే ఆ పిల్లల్ని పరీక్ష రాయనివ్వండి, లేదా తిరిగొచ్చాక పెట్టండి. మిరపకాయ ఆగదు, పరీక్ష ఆగుతుంది కదా అంది. విద్యాశాఖ అధికారి కుర్చీలో వెనక్కి వాలి, అది పాలసీ మేటరమ్మా, మన చేతుల్లో ఏముంది అన్నాడట. ఎవరి చేతుల్లో ఉందండీ అంటే వేలు పైకి చూపించాడట. "పైకి చూశాను మరిదీ. ఫ్యాను తప్ప ఏం లేదక్కడ" అని నాతో చెప్పింది.

ఆ ఏడే హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పబ్లిక్ పాలసీలో ఎం.ఏ. ఉందని పేపర్లో చూసింది. అప్పటికి నలభైకి దగ్గర పడింది. నేను ఎగతాళి చేశాను. అది కన్సల్టెంట్ల చదువు, దొరలకు గ్రాఫులు గీసిపెట్టే చదువు, నీకెందుకన్నాను.

"నువ్వు వాళ్లని తిడుతూ కరపత్రాలు రాస్తావు. వాళ్లు చదవరుగా. వాళ్లు చదివే భాషలో తిట్టడం నేర్చుకుందామని పోతున్నా."

ఆ చదువు మీద నా అభిప్రాయం ఇప్పటికీ పెద్దగా మారలేదు. 

చదువుకోవడానికి సెలవు అడిగితే, పల్లెటూరి టీచరుకు పబ్లిక్ పాలసీతో పనేంటని శాఖ ఎగాదిగా చూసింది. గమనించండి. పిల్లల మనస్తత్వం చదువుతానంటే సెలవిస్తారు. ఆ పిల్లల గురించి ఎవరు, ఎక్కడ, ఎందుకు నిర్ణయిస్తున్నారో చదువుతానంటే ఇవ్వరు. అమలు చేసేవాళ్లు అర్థం చేసుకోకూడదనేదే అసలు పాలసీ. చివరికి జీతం లేని సెలవు మీద వెళ్లింది. తోటి విద్యార్థులు ఆంటీ అని పిలిచేవారట. నెల తిరక్కుండా ఫోన్ చేసి, "మన పిల్లల తల్లులు ఇక్కడ స్టేక్‌హోల్డర్లు అయ్యారు మరిదీ. కూలి మాత్రం పెరగలేదు" అంది.

రెండో ఏడు థీసిస్‌కు తన బడి పిల్లల్నే తీసుకుంది. వాళ్లు ఉన్నచోట పరీక్ష పెట్టడం కుదురుతుందని చేసి చూపిస్తానంది. హెడ్మాస్టరు నోటిమాటగా సరేనని ప్రశ్నాపత్రాలు ఇచ్చాడు. మార్చిలో గుంటూరు దాటాక ఒక ఊరి కళ్లానికి వెళ్లాం. నేనూ వెంట ఉన్నాను. ఎటు చూసినా ఎర్రగా కాయ ఎండుతోంది. ఆ పక్కన గోతాలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టింది. ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. పిల్లలు రాస్తున్నంతసేపూ ఘాటు లేవకూడదని ఆడవాళ్లు కాయ తిరగెయ్యడం ఆపి, దూరంగా నీడకెళ్లి కూర్చున్నారు. ఆ పూట కూలి పోతుందని వాళ్లకు తెలుసు.

రైతు స్కూటరేసుకుని వచ్చాడు. ఏంటమ్మా, కూలికొచ్చారా, చదువుకొచ్చారా అని కేకలేశాడు.

"మీ అబ్బాయి ఎక్కడున్నాడండీ ఇప్పుడు?" అంది వదిన.

బళ్లో పరీక్ష రాస్తున్నాడన్నాడు.

"వీళ్లూ అదే రాస్తున్నారు. ఒక్క పూటేనండీ."

అతను స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ రైతుకున్న పాటి ఇంగితం చదువుకున్నవాళ్లకు లేకపోయింది. సెలవులో ఉన్న టీచరు పరీక్ష ఎలా పెడుతుందని శాఖ మెమో ఇచ్చింది. హెడ్మాస్టరు, నాకేం తెలియదన్నాడు. పరిశోధన చెయ్యాల్సిన మనిషి పరీక్ష ఎలా పెడుతుందని విశ్వవిద్యాలయంలో గైడు కోప్పడ్డాడు. కళ్లంలో పరీక్ష గురించి రాసిన అధ్యాయం తీసేస్తే మంచి గ్రేడు వస్తుందన్నాడు. తియ్యనంది. వైవాలో, మీ సిఫారసు ఏమిటని అడిగారట. "మార్చిలో మిరపకాయ కోతకొస్తుందని రాజధానిలో ఎవరికైనా చెప్పండి" అందట. అత్తెసరు గ్రేడుతో పట్టా ఇచ్చారు. ఇంతకాలమైనా ఆ థీసిస్ తెరిచి చూసిన అధికారి ఒక్కడు లేడు. ఆమె తెచ్చిన వన్నె గురించి మాత్రం మైకులో చెప్పుకున్నారు.

వదిన మళ్లీ అదే బడికి వచ్చింది. ఏటా మార్చిలో ఒక ఆదివారం కళ్లానికి వెళ్లి పరీక్ష పెట్టేది. జూన్‌లో ఆ జవాబుపత్రాలు తీసుకెళ్లి హెడ్మాస్టరు ఎదురుగా కూర్చునేది. పిల్లల పేర్లు పై తరగతిలో రాసుకునేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. రూల్సు ఒప్పుకోవమ్మా అంటే, మరి మీరు ఒప్పుకోండి అనేది. హెడ్మాస్టర్లు మారారు. ఆవిడతో పడలేక ప్రతివాడూ రాసుకున్నాడు. ఆ పిల్లలకు ఏడాది మిగిలిందంటే ఏ ప్రభుత్వ ఉత్తర్వు వల్లా కాదు. ఒక మనిషి మొండితనం వల్ల. ఒక మనిషి మొండితనం మీద ఆధారపడి బతికే వ్యవస్థను ఏమనాలి? నాకు తెలిసిన మాట అచ్చు వెయ్యరు.

సభ అయిన మర్నాడు నేను కళ్లానికి వెళ్లాను. కోతలు మొదలైన రోజులు. ఆ పిల్లల తల్లులెవరూ దర్శి రాలేకపోయారు. ఒకామె లేచి నా దగ్గరికొచ్చింది.

"తెలిసింది సారూ. మేస్త్రీ పోనియ్యలా. రెండ్రోజులు కూడు సయించలా మాకు." చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. "మరి ఈ ఏడు మా పిల్లలకి పరీచ్చ ఎవరు పెడతారు?"

 

ఆ కళ్లం పక్కనే, డొంక దారి దాటితే ఆ ఊరి బడి. అప్పుడే గంట కొట్టారు. యూనిఫారాలు వేసుకున్న పిల్లలు డొంక వెంట ఉరుకుతూ బళ్లోకి వెళ్లారు. కాయల్లోంచి పనికిరాని తాలు ఏరుతున్న మా పిల్లలు ఒక్కసారిగా తలలెత్తి అటు చూశారు. ఒక పిల్ల కారం చెయ్యి కంట్లో పడకుండా మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, గేటు మూసేదాకా చూసింది. తర్వాత మళ్లీ వంగి, తెల్లబడిన కాయల్ని ఒక్కొక్కటే పక్కకు తీయసాగింది.