గురక వైద్యం

డాక్టర్లు రోగుల మీద అరవడానికే పుట్టారనిపిస్తుంది. ఈ పళ్ల డాక్టరు మాత్రం సూదికి భయపడేవాళ్లను హిప్నాటిజంతో కుదుటపరుస్తాడు. ముందు అరచేతులు రుద్దుకుంటాడు, ఫ్యాను తగ్గిస్తాడు, తర్వాత గొంతు దించుతాడు. నిన్న వచ్చిన ముసలావిడ పుచ్చిపన్నుతో ఏదీ నమలలేకపోతోంది. అయినా సూదిని చూసి కుర్చీ దిగిపోబోయింది.

"మీ కళ్లు బరువెక్కుతున్నాయమ్మా..." అన్నాడు డాక్టరు. ఆవిడ గుడ్లు మిటకరించి చూస్తూనే ఉంది. గోడవారన కూర్చున్న ఆవిడ మొగుడు గుర్రుపెట్టాడు.

"నిద్ర పట్టట్లేదని రోజూ నా ప్రాణం తీసే మనిషండీ!" అని ఆవిడ పకపకా నవ్వింది. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి.

"ఆ గురక వింటూ ఊపిరి తీసుకోండమ్మా," అన్నాడు డాక్టరు అదే గొంతుతో. గురకతోపాటే ఆవిడ ఊపిరీ సాగింది, కళ్లు మూతపడ్డాయి. సూది ఎప్పుడు దిగిందో, పన్ను ఎప్పుడు ఊడిందో తెలియనే లేదు.

కళ్లు తెరిచాక, మొగుణ్ణి లేపబోతున్న డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపిందావిడ.

"అప్పుడే లేపకు బాబూ! పక్కపన్ను కూడా పీకేయ్."