పెద్దమ్మ పెట్టె మీద హెచ్

ఆ రోజుల్లో ఇంగ్లీషు స్పెల్లింగు రానివాణ్ణి నేను మనిషిగా లెక్కపెట్టేవాణ్ణి కాదు. అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు వెలగబెడుతున్నాను మరి. బస్సెక్కితే దారి పొడుగునా బోర్డుల్లో తప్పులు ఏరడమే నా పని. ఒకసారి టిఫిన్ హోటలాయనతో "మీ బోర్డులో అక్షరం తప్పండి" అంటే, "ఇడ్లీ బాగుందాండి?" అని అడిగాడు. (బాగుంది. ఆ మాట చెప్పడం నా చదువుకి తక్కువనిపించింది.)

ఆత్రేయపురంలో మా పెద్దమ్మ పూతరేకులు చేసి అమ్మేది. ఆమె అట్టపెట్టెల మీద ఇంగ్లీషులో 'ప్యూర్ ఘీ' అని ఉండేది, ఘీలో హెచ్ లేకుండా. ఏళ్ల తరబడి అదే పెట్టె. చూసినప్పుడల్లా నా పరువు పోయినట్టుండేది. కొత్తపేట నుంచి పెళ్లిసారెకి రెండు వందల పెట్టెల ఆర్డరు వచ్చింది. పెట్టెలు అచ్చువేయించే పని నేను మీదేసుకుని, ఆమెతో మాట మాత్రం అనకుండా హెచ్ పెట్టించేశాను. ఇంగ్లీషు రానామెకి చెప్పి ఏం లాభం అనుకున్నాను. అంత పొగరు.

పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టెలన్నీ ఆటోలో తిరిగొచ్చాయి, వెనకాలే పెళ్లికూతురి తల్లి. "మీ పెట్టె మీద ఇక్కడో అక్షరం తక్కువుంటదండి. ఇది మీది కాదంటన్నారు మావాళ్లు. సారెలో డూప్లికేట్ పెట్టేరని వియ్యాలవారంటే మా అమ్మాయి అక్కడ తలెత్తుకోగలదాండి?" అంది. రుచి చూడమన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నోట్లో పెట్టుకునేది తర్వాతండి బాబూ, ముందు పెట్టే కదా చూసేది" అంది. పెద్దమ్మకి అప్పుడు అర్థమైంది. "ఆయ్, మావోడు బాగా చదువుకున్నాడండి, అందుకే ఇలాగయ్యింది" అని లోపలికి వెళ్లి, తడిపసుపు ఒక గిన్నెలో, కుంకుమ ఒక గిన్నెలో తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ ఎక్కువైన అక్షరం మీద బొట్టు పెట్టు నాయనా. సారె పెట్టెలే కదా, అందంగానే ఉంటాయి." తిట్టి ఉంటే బాగుండేది. రెండు వందల హెచ్‌లకి నా చేత్తోనే బొట్టు పెట్టాను. పెళ్లికూతురి తల్లి ఒక పెట్టె తిప్పి చూసుకుని, "ఇప్పుడు మీ పెట్టేనండి" అంది.

ఆ బొట్టు ఇప్పుడు అచ్చులోనే వస్తోంది. పెద్దమ్మని చూసి పక్కవాళ్లూ వేయించుకున్నారు. నేనేమో స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్నాను (ఇంకే పని చేస్తాను). మొన్న మా అమ్మాయి ఆ పెట్టె మూత చూసి, "నాన్నా, స్పెల్లింగ్ తప్పు" అంది, ముక్కెగరేసి. ఆ ముక్కు అచ్చంగా నాదే. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మూత తీసి ఒక పూతరేకు అమ్మాయి చేతిలో పెట్టాను. సగం తిన్నాక అడిగాను.

"బాగుందామ్మా?"