గట్టు మీది నారు

మొన్న పెరట్లో నాటుకుందామని నల్లపాడు రోడ్డు పక్కన మిరప నారు అమ్మే అతని దగ్గర ఆగాను. అతను మొక్కల్ని రెండేసి చొప్పున లెక్కపెట్టి కట్ట కడుతుంటే, అలవాటు మానలేక నేనూ మనసులో అతనితోపాటే లెక్కపెట్టాను. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి పెరగలేదు. కొసరు వెయ్యి బాబూ అని అడిగితే, "కొసరేందమ్మా, ఇదేమన్నా కరేపాకా?" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతని బతుకు అతనిది. కానీ ఇంటికి వస్తున్నంతసేపూ నాకు పర్చూరు పక్కన మా అత్తగారి నారుమడులే కళ్లముందు కదిలాయి.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తుంటే, లోపల అంట్లు తోముతూ విని నేర్చుకున్నాను. వాడికంటే నాకే ముందు వచ్చేవని మా నాన్న అందరికీ చెప్పుకుని మురిసేవాడు. కాపురానికి వచ్చాక ఆ విద్య అత్తవారి పొలంలో పనికొచ్చింది. విత్తనం ఎంత, ఎరువు ఎన్ని బండ్లు, కోతకు ఎందరు మనుషులు అని మా మామగారు నన్ను అడిగి మరీ నిర్ణయించేవారు. నా పెళ్లి పంట పోయిన ఏడాది జరగడంతో నా మెడలో నల్లపూసలు తప్ప ఇంకేమీ పడలేదు. ఆ లోటు ఆయన మనసులో ఉన్నట్టుంది, అరవైలలో ఒక ఏడు నారు పోసిననాడు పదిమందిలో అన్నారు, ఈసారి మిరప కలిసొస్తే కోడలికి రెండుపేటల గొలుసు చేయిస్తానని. అప్పటి నా వయసుకు ఆ మాట ఎంతటిదో నా ఈడు ఆడవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. పేరంటానికి వెళ్తే పైట మెడ దాకా లాక్కుని కూర్చునే రోజులవి.

అయిదు మళ్లు పోశాం. జానెడు చోట ఎన్ని మొక్కలున్నాయో చూసి, మడి మొత్తానికి హెచ్చవేసి చూశాను. నాలుగు మళ్లు మా చేనుకు సరిపోతాయి. అయిదోది, నాటాక చచ్చిన మొక్కల చోట తిరిగి నాటుకోవడానికి. నల్లరేగడిలో వాన మొహం చాటేస్తే చావులు తప్పవు కనుక, ఆ అయిదో మడే నా గొలుసు అని మనసులో అనుకున్నాను. కడవతో నీళ్లు మోసి దాన్ని నేనే పెంచాను.

మా చేనుకు పక్కనే ఇంకొకరి చేను. మధ్యలో గట్టు. ఆ గట్టు చెక్కారని మామగారికీ వాళ్లకీ తగాదా వచ్చి, పెద్దమనుషుల దాకా వెళ్లి, మాటలు పోయాయి. గట్టవతలి అత్తయ్యా మా అత్తగారూ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చి, ఒకే బావిలో చేదుకుని బతికినవాళ్లట. మగవాళ్లు మానేశారు గనుక వీళ్లూ మానేశారు. నేను వచ్చేటప్పటికి ఎదురుపడితే తలలు పక్కకు తిప్పుకోవడమే.

ఆ ఏడు ముసురు పట్టి వాళ్ల నారు కుళ్లిపోయింది. మాది కాస్త మెరక కనుక నిలిచింది. వాళ్లు మమ్మల్ని అడగరు, మేం ఇస్తామన్నా పుచ్చుకోరు. ఒక ఉదయం నేను చేనుకు వెళ్లేసరికి అత్తగారు అయిదో మడిలో కూర్చుని నారు పీకుతున్నారు. అది చావుల కోసం ఉంచింది కదండీ అన్నాను. "లెక్క నువ్వు చూసుకో తల్లీ, నారు నేను చూసుకుంటా" అని, కట్టలు కట్టి, గట్టు మీద వరసగా పేర్చి, పైన తడి గోనె కప్పారు. తరవాత అవతలికి వినబడేట్టు నాతో గట్టిగా, "మిగిలిపోయిన నారే పిల్లా! ఎండితే ఎండుద్ది, పోదాం పద" అన్నారు. పారేసే నారుకు తడి గోనె ఎవరు కప్పుతారు?

అవతల తుమ్మ చెట్టుకు వాళ్ల బూడిదరంగు మైలెద్దు కట్టేసి ఉంది. తరవాత గట్టవతలి అత్తయ్య గొంతు ఆ ఎద్దుతో మాట్లాడటం వినిపించింది.

"చూశావంట్రా మైలోడా, ఎవరో నారు ఎక్కువై గట్టు మీద పారేసుకుంటన్నారు. కలిగినోళ్లు మరి! తీసుకోకపోతే చచ్చిపోద్ది. పచ్చని మొక్క ఉసురు మనకెందుకురా?"

మర్నాటికి ఆ గోనె ఉతికి, మడత పెట్టి గట్టు మీద ఉంది.

నా లెక్క తప్పలేదు. నాటాక చినుకు లేక మొక్కలు చచ్చాయి, మా చేనంతా అక్కడక్కడ బోసిపోయింది. ఆ మడి ఉంటే ఆ ఖాళీలన్నీ నిండేవి. అత్తగారు మాత్రం వాటిలో గోగు విత్తనాలు చల్లారు. ఆ గోంగూర మేం తిన్నదానికంటే దారిన పోయేవాళ్లు కోసుకుపోయిందే ఎక్కువ. గట్టవతల చేను నిండుగా ఎర్రబడింది. ఆ ఏటికి గొలుసు మాట మామగారు ఎత్తలేదు, నేను అడగలేదు. కానీ నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసేది.

కాయ కోతల్లో ఒక రోజు నేను గట్టు పక్క సాలులో వంగి కోస్తున్నాను. అవతలి నుంచి మళ్లీ ఎద్దుకు కబురు మొదలైంది. "ఒరే మైలోడా, గట్టవతల కోడలు పిల్లకి గొలుసు రాలేదని మూతి మూరెడు పొడుగైందంట. నా మెడలోది మొక్కలకి తగులుకుని పొద్దుట్నుంచీ రెండుసార్లు ఉరి పడిందిరా! నాలుగు రోజులు బోసి మెడతో హాయిగా కోసుకోమని చెప్పు."

మా అత్తగారు నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డారు. ఆవిడ అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. అవతలి నుంచీ అదే నవ్వు. మధ్యలో నేను, ఒళ్లో కాయలతో, ఏడవాలో నవ్వాలో తెలియక, ఆఖరికి నవ్వేశాను. ఆ తరవాత కూడా వాళ్లిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు, మగవాళ్ల పంతం అలాగే ఉండిపోయింది. కానీ రోజూ ఆవిడ ఎద్దుతో, ఈవిడ నాతో. పొలం నుంచి వచ్చి, ఇవాళ మైలోడికి ఏం చెప్పిందో తెలుసా అంటూ అత్తగారు మొదలుపెడితే అన్నాలు చల్లారిపోయేవి.

గొలుసు ఆ తరవాత ఇంకో మంచి పంటకు వచ్చింది. ఎన్ని కాసులో, తరుగు ఎంతో ఇప్పటికీ చెప్పగలను. ఇప్పుడది బ్యాంకు లాకర్లో ఉంది. మెడలో వేసుకున్న మొదటి రోజు ఎలా ఉందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. గట్టు మీద కూలబడ్డ అత్తగారి కుచ్చిళ్లకు అంటిన నల్లమట్టి గుర్తుంది, కారం చేత్తో కళ్లు తుడుచుకుని ఆవిడ పడ్డ అవస్థ గుర్తుంది.

మొన్న తెచ్చిన నారు పెరట్లో నాటాక నాలుగు మొక్కలు మిగిలాయి. పక్కింటి వాళ్లకు ఇద్దామని గోడ దగ్గరికి వెళ్లాను. వాళ్లు వచ్చి రెండేళ్లయింది, పేర్లు తెలియవు. మా రెండిళ్ల మధ్య తలకంటే ఎత్తు గోడ, దాని మీద వరసగా గుచ్చిన గాజు పెంకులు. మొక్కలు పెట్టడానికి చోటు లేదు. ఇవి మిగిలిపోయాయని గట్టిగా చెబుదామంటే పక్కన కోడలు లేదు, అవతల వినడానికి ఎద్దూ లేదు. తడి గుడ్డలో చుట్టిన ఆ నాలుగు మొక్కలతో చాలాసేపు అక్కడే నిలబడ్డాను.