మామయ్య అమెరికా కారూ, నాలుగు నిమ్మకాయలూ

ఇక్కడ రాసిందంతా అక్షరాలా నిజం. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా రేపు పనసలా ముళ్లుండే దురియాన్ పండు సూటిగా నా నెత్తిన రాలాలి. ఒట్టు.

మలేసియాలో, సుంగై సిపుట్ అనే ఊళ్లో మామయ్యగారింట ఇల్లరికం ఉంటున్నాను. ఆ ఇంట్లో మర్యాద అల్లుడికి కాదు, కారుకి. పోర్చు నిండా మామయ్య అమెరికా కారే. నా జపాన్ కారు వీధిలో ఎండకి ఎండుతూ మైనాలకి మరుగుదొడ్డయింది. ఎస్టేటు లారీలు తోలే రోజుల్లో మామయ్య ఆ అమెరికా కారు మీద మోజుపడి, రిటైరయ్యాక కొన్నారట. నడిచే రోజుల్లో దాని మూతి దూరాన ఉన్న ఈపో పట్నం చేరేసరికి తోక ఇంకా మా గేటు దాటుతూ ఉండేది. ఇంజను ఆపకుండా పెట్రోలు పోయిస్తే ట్యాంకు నిండేదే కాదు. పోసేవాడి కన్నా తాగేదే ముందుండేది.

అది కొన్న షోరూంలో తర్వాత జపాన్ కార్లొచ్చాయి, ఆపైన కొరియావి. ఇప్పుడు చైనా కరెంటు కార్లు. అయినా మామయ్య ఏటా వెళ్లి, "మా కంపెనీవోళ్లు తిరిగొచ్చినారా?" అని అడిగి వస్తారు. విడిభాగాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. మెకానిక్ ఒక జపాన్ కారు రేడియేటరు, ఇంకోదాని డైనమో, ఇక్కడి బుల్లికారు హారను తగిలించాడు.

"ఇందులో అమెరికాది ఏటి మిగిలింది మావయ్యా?" అన్నాను ఒకసారి ఒళ్లు మండి.

"బరువు."

"ఆ బరువే ఆళ్లని ముంచినాది. జపానోళ్లు మన సందులు సూసి బండి కట్టినారు. ఈళ్లు బండి కట్టి, సందులు పెంచుకోమన్నారు."

"అయితే సందుదే తప్పు, లా," అన్నారు మామయ్య, ఇక్కడి వాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

ఈ ఏడు మా ఆవిడ తెగేసి చెప్పింది. ఆయుధపూజ నాడు బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. "నాన్నా, అది తనంతట తాను కదిలి నిమ్మకాయలు తొక్కిందా, ఉంచుదాం. లేదా, మర్నాడే పాత ఇనుము లారీ. తోస్తే ఒప్పుకోను."

మామయ్య ఒప్పుకున్నారు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

పండగ పొద్దున బొట్లు పెట్టి, చక్రాల వెనక నాలుగు కాయలు సర్దాం. కారు మూతి ఇంటివైపు, తోక వీధివైపు. మామయ్య కొత్త చొక్కా తొడుక్కుని స్టీరింగు ముందు కూర్చున్నారు. అత్తయ్యా, మా ఆవిడా తోక దగ్గర జడ్జీల్లా నిలబడ్డారు. తాళం తిప్పితే దగ్గింది. మళ్లీ తిప్పితే దగ్గనైనా లేదు.

"నా కారు బ్యాటరీకి వైర్లు తగిలించనా?"

"జపానోడి కరెంటా? వొద్దు."

"లోపలున్నదంతా ఆళ్లదే గదా మావయ్యా."

"అది ఊరికి తెలీదు గదా."

విసిగిపోయి ముందుకెళ్లి బానెట్ ఎత్తాను. దాని కింది సందులోంచి మామయ్య చేతులు కనిపించాయి. ఇనుము లారీ అప్పుడే వచ్చేసినట్టు స్టీరింగుని గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"న్యూట్రల్‌లో ఎట్టి హ్యాండ్‌బ్రేకు ఇప్పండి, సూద్దాం," అన్నాను.

మా పోర్చు వీధివైపు వాలుగా ఉంటుంది. బండి మెల్లగా వెనక్కి జరిగింది. నాలుగు కాయలూ గింజలతో సహా పచ్చడయ్యాయి. అది అక్కడితో ఆగిందా? వీధిలోకి పోయి నా కారు తలుపులో కూర్చుంది. అమెరికా బంపరుకి గీత కూడా పడలేదు.

"ఎవలు తోసినారు?" అంది మా ఆవిడ.

"ఎవలూ తొయ్యలేదు. నాను సూత్తన్నాను గదా," అంది అత్తయ్య.

మామయ్య దిగి, నా కారు సొట్ట తడిమి, "రేకు పల్చన, అల్లుడూ," అన్నారు జాలిగా.

ఇక ఆ ఒట్టు సంగతి. రోజూ దురియాన్ చెట్ల కింద నడిచేవాణ్ణి, చెప్పేస్తాను. ఈపో దాకా సాగే పొడుగు నిజమే. ఒక్క వాలే కల్పించాను. మా పోర్చులో గోలీ పెట్టినా కదలదు. ఎత్తిన బానెట్ చాటున గోడకి వీపు ఆనించి, రెండు కాళ్లతో బంపరుని తన్నింది నేనే. తర్వాత నడుం వంచి గేటు దాకా తోసిందీ నేనే. ఆ చేతులు చూశాక ఊరుకోలేకపోయాను. ఇంకేముంది, నా కారు వర్క్‌షాపులో, ఆయన కారు పోర్చులో. వచ్చే పండక్కీ తోసే ఖర్మ నాదే.