తెరుచుకోని ఫారం

మొన్న మాచర్లలో టీ కొట్టు దగ్గర ఒక అమ్మాయి టీ చల్లారేలోగా ఫోనులోనే కాలేజీ దరఖాస్తు నింపి పంపేసింది. చూస్తున్న నాకు మా పిన్ని కూతురు గుర్తొచ్చింది.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒక బ్రౌజరులో కనిపించిన పేజీ ఇంకోదానిలో కనిపించని రోజులు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ల పనికి కొత్తగా చేరిన నేను, దరఖాస్తుల పేజీని కఠినమైన ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాశాను. కోడులో ఒక్క ట్యాగు, అంటే ఒక గుర్తు, మూయడం మరిచినా పేజీ మొత్తం ఎగిరిపోయే పద్ధతి అది, అందులో తప్పు లేకుండా రాశానని నాకు మహా పొగరు. కాగితం ఫారాలు మానేద్దామని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించిందీ నేనే. నా కంప్యూటరులోని కొత్త బ్రౌజరులో తప్ప ఇంకెక్కడా తెరిచి చూడలేదు.

ఆఖరి రోజు మూడున్నరకు బొల్లాపల్లి నెట్ సెంటర్ నుంచి మా పిన్ని కూతురు ఫోను చేసింది. ఈ ఏడు సీటు రాకపోతే చదువు మాన్పిస్తానని బాబాయి ఖాయంగా చెప్పేశాడు, గడువేమో అయిదింటికి.

"పేజీ రావట్లా అన్నా, ఫైలు దాచుకోమని అడుగుతా ఉంది" అంది.

అక్కడున్నది పాత బ్రౌజరు, దానికి నా పద్ధతే తెలియదు. మామూలు పేజీలా పంపేటట్లు మార్చాను. తెరుచుకుంది గానీ కోర్సుల జాబితా ఖాళీ, స్క్రిప్టులో నేను వాడిన ఆజ్ఞలు దానికి తెలియవట. అవి మార్చాను, జాబితా వచ్చింది, పంపే బటన్ నొక్కితే చలనం లేదు. ప్రతి మార్పు తర్వాతా నా దగ్గర అంతా చక్కగానే ఉంది, ఆమె దగ్గరే ఏదో ఒకటి తప్పుతోంది. "ఒక్క నిమిషం ఉండవే" అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

అయిదుకు పది నిమిషాల ముందు, "ఏంది అన్నా, నాకింక లేనట్టేనా" అంది. రిసీవరు పక్కన పెట్టి మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. అయిదు దాటిపోయింది. ప్రిన్సిపాల్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను, గడువు గడువే అన్నారు. ఆ ఏడు ఆమె మిరప నాట్లకు పోయింది, మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు.

ఇప్పుడు ఏ ఫోనులోనైనా ఏ పేజీ అయినా తెరుచుకుంటోంది, పాత బ్రౌజరా కొత్తదా అని అడిగే పనే లేదు, మంచిదే. కానీ ఆ రోజు కూడా నా ఎదుట ఆ ఫారం తెరిచే ఉంది. వివరాలు ఫోనులో అడిగి నేనే నింపి ఉంటే పది నిమిషాల పని. ఆ సంగతి నాకు తట్టింది మర్నాడు పొద్దున, పళ్ళు తోముకుంటుంటే. తన చదువు కంప్యూటరు వల్లే పోయిందని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది, నేను చెప్పలేదు.